నడుముకు లేని తుపాకి

1999 సెప్టెంబర్ 4, శనివారం. తెల్లారితే దేశంలో తొలి విడత పోలింగ్. హైదరాబాద్ ఎస్సార్ నగర్ చౌరస్తాలో ఎర్రలైటు పడింది. బండ్లన్నీ ఆగాయి. వాటిలో ఒక పోలీసు అధికారి కారు కూడా ఉంది.

సిగ్నల్ దగ్గర పక్కన ఎవరు నిలబడ్డారో ఎవరూ పట్టించుకోరు. పచ్చలైటు ఎప్పుడు పడుతుందా అన్నదే అందరి ధ్యాస. ఆ రోజు ఆ కారు పక్కకు వచ్చి నిలబడ్డవాళ్లు నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ యాక్షన్ టీం మనుషులు. ఒక్కసారిగా కాల్పులు మొదలయ్యాయి. డ్రైవరు పోయాడు. గన్‌మెన్ పోయాడు. పగటిపూట, నడిరోడ్డు మీద, వందలమంది చూస్తుండగా.

అధికారి కారు దిగాడు. అలాంటప్పుడు మామూలు మనిషి సీటు కిందికి వంగుతాడు, లేదంటే దొరికిన సందులోకి పరుగెత్తుతాడు. ఆయన కాల్చినవాళ్ల వెంట పడ్డాడు. వాళ్లు పరుగెత్తుతున్నారు, వెనక ఆయన పరుగెత్తుతున్నాడు. తుపాకులు ఉన్నవాళ్లు ముందు, లేనివాడు వెనక. కాసేపటికి ముందున్నవాళ్లకు అర్థమైంది, తరుముతున్న మనిషి దగ్గర ఆయుధం లేదని. వెనక్కి తిరిగారు. కాల్చారు.

చదలవాడ ఉమేశ్‌చంద్ర. సొంతూరు అప్పటి గుంటూరు జిల్లా పెదపులివర్రు. 1991 బ్యాచ్ ఐపీఎస్. అప్పటికి ఆయన వయసు ముప్పై మూడేళ్లు. ఇప్పుడు ఎస్సార్ నగర్‌లో ఆయన విగ్రహం ఉంది.

ఆ పరుగు గురించి పాతికేళ్లుగా ఎందరో రాశారు. సినిమాల్లో చూపించినట్టు చెప్పుకున్నారు. ధైర్యం అన్నారు, తెగువ అన్నారు. కాదనేవాడెవడు? కానీ ఆ కథ విన్న ప్రతిసారీ నా చూపు ఆయన కాళ్ల మీద కాక నడుము మీద ఆగుతుంది. ఆ రోజు ఆ నడుముకు ఒక పిస్టల్ ఉండి ఉంటే, చెయ్యి వేసిన వెంటనే అది చేతికి వచ్చి ఉంటే, వెనక్కి తిరిగినవాళ్లు మరోలా తిరిగేవాళ్లు. ఆయన బతికేవాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ అది ఉత్త చేతుల పరుగు అయ్యేది కాదు.

కరీంనగర్ జిల్లాకు ఉమేశ్‌చంద్ర పరాయివాడు కాదు. వరంగల్, కడపలతో పాటు ఇక్కడా పనిచేశాడు, ఎస్పీగా చేశాడు. ఆ కాలపు కరీంనగర్ అంటే ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. 1978 సెప్టెంబర్‌లో రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ వెంటనే అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1980లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో పీపుల్స్‌వార్ పుట్టింది. ఆ పార్టీని నడిపిన పెద్ద తలకాయలు చాలామంది ఈ ఉమ్మడి జిల్లా వాళ్లే. గణపతిది బీర్‌పూర్, మల్లోజుల అన్నదమ్ములది పెద్దపల్లి.

ఈ జిల్లాలోని చొప్పదండి అడవికి పోయే తోవలోనే ఉంది. కరీంనగర్ నుంచి చొప్పదండి, ధర్మారం దాటి పోతే రాయపట్నం వంతెన, గోదావరి. అవతల లక్షెట్టిపేట, ఇంకా పోతే ఆదిలాబాద్ అడవి. ఇవాళ ఆ రోడ్డు మీద నవోదయ స్కూలుకు పిల్లలను దింపే తల్లిదండ్రులు, మార్కెట్‌కు వడ్లు తోలే ట్రాక్టర్లు కనిపిస్తాయి. ఆ రోజుల్లో పొద్దు గూకితే పోలీసు జీపు బయటికి తీయాలంటే ప్రతి కల్వర్టు దగ్గరా ఆలోచించేవాళ్లు. మందుపాతర ఉండేది కల్వర్టు కిందే. ఠాణాల చుట్టూ ఇసుక బస్తాలు, ఇనుప జాలీలు. దళంలోకి పోయినవాళ్లూ, ఠాణాలో సెంట్రీ నిలబడ్డవాళ్లూ ఈ ఊళ్ల పిల్లలే. ఎటువైపు శవం లేచినా ఏడ్చింది ఈ ఊళ్ల తల్లులే.

అలాంటి జిల్లాలో ఎస్పీగా చేసిన మనిషి, హిట్‌లిస్టులో ఉన్న మనిషి, రాజధాని నడిబొడ్డున నిరాయుధుడిగా దొరికాడు. అంతకు ఆరేళ్ల ముందు, 1993 జనవరి 27న, నక్సలైట్ల మీద పోరుకు గ్రేహౌండ్స్‌ను నిలబెట్టిన కె.ఎస్. వ్యాస్‌ను లాల్ బహదూర్ స్టేడియంలో జాగింగ్ చేస్తుండగా చంపారు. ఇద్దరూ అడవిలో పోలేదు. కూంబింగ్‌లో పోలేదు. ఇంటికీ ఆఫీసుకూ మధ్య, మైదానంలో, సిగ్నల్ దగ్గర పోయారు. చంపేవాడు ఎదురుచూసేది ఆ ఘడియ కోసమే. తుపాకి బీరువాలో ఉన్నప్పుడు, బ్యాగులో ఉన్నప్పుడు, గన్‌మెన్ దగ్గర ఉన్నప్పుడు.

ఆ ఉదయం ఉమేశ్‌చంద్ర పిస్టల్ ఎందుకు వెంట లేదన్నది నేను ఊహించి రాయబోవడం లేదు. ఆయన తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు. కానీ ఆయుధం పట్టుకునే ఉద్యోగుల్లో అది నడుముకు ఎందుకు నిలవదో నాకు తెలుసు. దానికి కారణం పిరికితనం కాదు, నిర్లక్ష్యం కూడా కాదు. పిస్టల్‌ను మోసే హోల్‌స్టర్ సరిగా లేకపోవడం.

మన పోలీసులు దశాబ్దాలు మోసిన ఆయుధాలను గుర్తు చేసుకోండి. పాయింట్ 38 రివాల్వర్. ఆ తరువాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసిన 9 ఎంఎం ఆటో పిస్టల్, మ్యాగజైన్‌లో 13 రౌండ్లు. వాటికి ఇచ్చింది తోలు హోల్‌స్టర్. పైన మూత, మూతకు గుండీ లేదా పట్టీ, పిస్టల్ పిడికి తాడు. పరేడ్‌లో చూడ్డానికి బాగుంటుంది. వానకూ దుమ్ముకూ ఆయుధాన్ని కాపాడుతుంది. తీయాల్సి వచ్చినప్పుడు గుండీ విప్పాలి, మూత ఎత్తాలి, పిడి వెతకాలి, లాగాలి. ఎండాకాలం కరీంనగర్ చెమటకు ఆ తోలు నాని, ఎండి, మళ్లీ నాని బిర్రుగా పట్టేస్తుంది, లేదంటే వదులై వేలాడుతుంది. జీపులో కూర్చుంటే పిడి పక్కటెముకల్లో గుచ్చుతుంది. కుర్చీలో కూర్చుంటే గొట్టం సీటుకు తగిలి బెల్టు పైకి లేస్తుంది. పదహారు గంటల డ్యూటీలో ఏ మనిషైనా ఏం చేస్తాడు? తీసి డ్యాష్‌బోర్డులో పెడతాడు. గన్‌మెన్ ఉన్నవాడు గన్‌మెన్‌కు ఇస్తాడు. మఫ్టీలో ఉంటే అసలు తేడు.

కాబట్టి హోల్‌స్టర్ ఎంచుకోవడంలో నేను మొదట అడిగేది ఒక్కటే. పొద్దున బెల్టుకు పెట్టుకున్నది రాత్రి ఇంటికి వచ్చేదాకా తీయబుద్ధి కాకుండా ఉంటుందా? మిగతా గుణాలన్నీ ఆ తరువాతే. ఎంత ఖరీదైనదైనా, ఎంత పేరున్నదైనా, జీపు ఎక్కగానే తీసి పక్కన పెట్టాల్సి వస్తే అది పనికిరాదు.

ఇప్పుడు కాలం మారింది. తెలంగాణ పోలీసుల చేతికి గ్లాక్ పిస్టళ్లు వచ్చాయి. గ్లాక్ 17లో మ్యాగజైన్‌కు 17 రౌండ్లు. నిండుగా ఉన్నప్పుడు దాదాపు 900 గ్రాముల బరువు. గొట్టం కింద చిన్న పట్టాల్లాంటి గాడి ఉంటుంది. దానికి లైటు బిగించుకోవచ్చు. పాత 9 ఎంఎం పిస్టల్‌కు ఆ సదుపాయం లేదు. ఈ లైటు రావడంతోనే హోల్‌స్టర్ వ్యవహారం మొత్తం తలకిందులైంది. లైటు ఎందుకు కావాలో తెలియాలంటే మరో రాత్రికి పోవాలి.

2015 ఏప్రిల్ 1 రాత్రి, అర్ధరాత్రి దాటింది. సూర్యాపేట బస్టాండ్. జాతీయ రహదారి మీద పోయే బస్సులు అక్కడ ఆగుతాయి. పోలీసులు బస్సు తనిఖీ చేస్తున్నారు. రాత్రి బస్సు ఎక్కిన ప్రతివాడికీ ఆ ప్రశ్నలు తెలిసినవే. ఎక్కడ ఎక్కినవు? ఏడికి పోతున్నవు? బ్యాగుల ఏమున్నది? నిద్రమత్తులో ఉన్నవాళ్లు కళ్లు నులుముకుని జవాబు చెబుతారు. ఆ రాత్రి ఇద్దరు మనుషులు జవాబుకు బదులు తుపాకులు తీశారు. కానిస్టేబుల్ లింగయ్య, హోంగార్డు మహేశ్ అక్కడికక్కడే చనిపోయారు. ఇన్‌స్పెక్టర్ మొగిలయ్య తీవ్రంగా గాయపడ్డారు.

కాల్చినవాళ్లు 2013లో మధ్యప్రదేశ్ ఖండ్వా జైలు నుంచి తప్పించుకున్న నిషేధిత సంస్థ సిమి ముఠా మనుషులని తరువాత తేలింది. ఏప్రిల్ 4న అప్పటి నల్లగొండ జిల్లా మోత్కూరు మండలం జానకీపురం దగ్గర వాళ్లు మళ్లీ పోలీసులకు ఎదురుపడ్డారు. కానిస్టేబుల్ నాగరాజు ప్రాణాలు వదిలాడు. ఎస్సై సిద్దయ్య ఒంట్లో తూటాలు దిగినా కాల్పులు జరిపాడు. ఆ ముఠా మనుషులిద్దరూ అక్కడే హతమయ్యారు. సిద్దయ్య ఆసుపత్రిలో మూడు రోజులు పోరాడి ఏప్రిల్ 7న కన్నుమూశాడు.

ఆ బస్టాండ్‌ను చొప్పదండి దగ్గరికి తెచ్చి ఆలోచించండి. ఏ రాత్రయినా, ఏ ఠాణా పరిధిలోనైనా జరిగే పని అది. బస్సు మెట్లెక్కాలి. ఇరుకు దారి. ఒక చేత్తో పైరాడ్డు పట్టుకోవాలి, రెండో చేతిలో టార్చిలైటు. మొహాల మీద వెలుగు వేయాలి. సంచి తెరిపించాలి. ఎదుటివాడి చెయ్యి ఒక్కసారిగా నడుముకు పోతే? టార్చి వదలాలా, పిస్టల్ తీయాలా? టార్చి వదిలితే చీకటి. వదలకపోతే ఒంటిచేత్తో కాల్చాలి. పిస్టల్‌కే లైటు ఉంటే రెండు చేతులూ దాని మీదే ఉంటాయి, లేదంటే ఒక చెయ్యి తలుపుకో, కిందపడ్డ తోటివాడిని లాగడానికో ఖాళీగా ఉంటుంది. లైటు బిగించిన పిస్టల్ అవసరం అక్కడ పుట్టింది.

కానీ అదే బస్సులో ఇంకో నిజం కూడా ఉంది, అది చాలామంది మరిచిపోతారు. పిస్టల్‌కు బిగించిన లైటు ఎటు పడితే గొట్టం కూడా అటే చూస్తుంది. నిద్రపోతున్న ముసలమ్మ మొహం మీద, తల్లి ఒళ్లో ఉన్న పసిపిల్ల మీద తుపాకి గురిపెట్టి వెతికే హక్కు ఏ పోలీసుకూ లేదు. అందుకే వెతకడానికి చేతి టార్చి వేరే ఉండాల్సిందే. పిస్టల్ లైటు కాల్చక తప్పని పరిస్థితి కోసం మాత్రమే. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని ప్లేనోలో 2010లో ఒక పోలీసు అధికారి లైటు వేయబోయి ట్రిగ్గర్ నొక్కాడు. ఎదురుగా ఉన్న మనిషి చనిపోయాడు. పిడి ముందు వైపున ఉండే లైటు స్విచ్‌ను, ట్రిగ్గర్‌ను ఒకే చేతి వేళ్లు వెతుక్కుంటే జరిగేది అదే. లైటు ఇస్తే దాంతో శిక్షణ కూడా ఇవ్వాలి. శిక్షణ లేని చోట లైటు ఇవ్వకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఇక హోల్‌స్టర్ దగ్గరికి వద్దాం. బస్సు తనిఖీలో పిస్టల్ గడిపే సమయమంతా హోల్‌స్టర్‌లోనే. జనం రాసుకుంటూ పోతారు, సీట్ల అంచులు తగులుతాయి, తాగినవాడు మీద పడతాడు. లోపలున్న పిస్టల్‌ను పట్టి ఉంచడమే హోల్‌స్టర్ చేసే పెద్ద పని. బయటికి తీయడం ఏ ఏడాదికో ఒకసారి వచ్చే పని.

మామూలు పిస్టల్‌కు చేసిన గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్ చాలావరకు ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మిని పట్టుకుంటుంది. పిస్టల్ దింపగానే టక్కుమని శబ్దం వస్తుంది. ఆ కమ్మి ఆకారానికే ప్లాస్టిక్‌ను వేడిచేసి అచ్చు పోస్తారు కాబట్టి ట్రిగ్గర్ దగ్గర సందు ఉండదు. లైటు బిగించారంటే లెక్క మారిపోతుంది. గ్లాక్ స్లయిడ్ మందం 25.5 మిల్లీమీటర్లు. లైటు అంతకన్నా వెడల్పు. అది దూరాలంటే హోల్‌స్టర్ నోరు పెద్దది కావాలి. నోరు పెద్దదైతే ట్రిగ్గర్ పక్కన ఖాళీ వస్తుంది. పిస్టల్‌ను పట్టి ఉంచే పని కమ్మి నుంచి లైటుకు మారుతుంది. అంటే అలాంటి హోల్‌స్టర్‌లో లైటు తీసేసి పిస్టల్ పెడితే అది నిలవదు, తలకిందులు చేస్తే జారి పడుతుంది. ఒక లైటుకు చేసినదాంట్లో ఇంకో కంపెనీ లైటు పెడితే ఒకటి దిగనే దిగదు, ఇంకోటి గలగలలాడుతుంది.

ఆ ట్రిగ్గర్ పక్కన ఖాళీని తేలిగ్గా తీసుకోవద్దు. గ్లాక్‌కు విడిగా నొక్కే సేఫ్టీ లేదు. బయటికి కనిపించే సేఫ్టీ ట్రిగ్గర్ మీదే ఉన్న చిన్న పలక ఒక్కటే. ట్రిగ్గర్‌ను వెనక్కి లాగేది వేలే కానక్కర్లేదు. చొక్కా అంచు కావచ్చు, జాకెట్ తాడు కావచ్చు, చలికాలంలో మెడకు చుట్టుకున్న మఫ్లర్ కొస కావచ్చు. పిస్టల్‌ను హోల్‌స్టర్‌లోకి దింపేటప్పుడు అదేదైనా ఖాళీలో ఇరుక్కుంటే తొడలోకి తూటా దిగుతుంది. అందుకే హోల్‌స్టర్ కొనేటప్పుడు చూసే పద్ధతి ఇది. పిస్టల్ పూర్తిగా ఖాళీ చేయాలి. మ్యాగజైన్ తీయాలి, ఛాంబర్ రెండుసార్లు చూడాలి, వేలుపెట్టి తడిమి చూడాలి. లైటు బిగించి హోల్‌స్టర్‌లో పెట్టాలి. పై నుంచి, పక్క నుంచి వెలుతురులో చూడాలి. ట్రిగ్గర్ కనబడిందా, చిటికెనవేలు సందులోంచి ట్రిగ్గర్ దాకా పోగలుగుతోందా? పోతే ఆ హోల్‌స్టర్‌ను అక్కడే వదిలేయాలి. దుకాణంవాడు ఎంత తగ్గించి ఇచ్చినా సరే.

తరువాత లాక్. యూనిఫాంలో ఉన్న పోలీసు పిస్టల్ అందరికీ కనిపిస్తుంది. లాక్కోవాలనుకునేవాడికి అది కనిపించే ఆహ్వానం. 1970లలో అమెరికాలో ఎఫ్‌బీఐ మాజీ ఏజెంట్ బిల్ రోజర్స్ ఈ సమస్యకు ఒక కొలత పెట్టాడు. హోల్‌స్టర్‌లో ఉన్న పిస్టల్ పిడిని ఎదుటివాడు ఐదు సెకన్లు బలంకొద్దీ లాగినా రాకపోతే మొదటి లెవల్. ఒక లాక్ విప్పాక కూడా ఇంకో ఐదు సెకన్లు నిలిస్తే రెండో లెవల్. అలా పైకి. సఫారీల్యాండ్ వంటి కంపెనీలు అమ్మే పోలీసు హోల్‌స్టర్లకు ఆ లెక్క అక్కడి నుంచే వచ్చింది. బొటనవేలు సహజంగా పడేచోట లాక్ ఉంటుంది, నొక్కుతూ లాగితే వస్తుంది. యజమాని చేతికి వస్తుంది, పక్క నుంచి లాగేవాడికి రాదు. ఇలాంటి వాటిలో కొన్ని లాక్‌లు పిస్టల్ స్లయిడ్‌నే పట్టుకుంటాయి. లైటు ఉన్న పిస్టల్‌కు ఇవి ఎక్కువ నమ్మకం.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. 2025 అక్టోబర్ 17న నిజామాబాద్‌లో సీసీఎస్ (సెంట్రల్ క్రైం స్టేషన్) కానిస్టేబుల్ ప్రమోద్ ఒక నిందితుడిని పట్టుకుని బైకు మీద ఠాణాకు తెస్తుండగా వాడు కత్తితో పొడిచి చంపాడు. తరువాత దొరికిన ఆ నిందితుడు అక్టోబర్ 20న ఆసుపత్రిలో కాపలా ఉన్న కానిస్టేబుల్ ఆయుధాన్ని లాక్కోబోయాడని, అప్పుడు జరిగిన కాల్పుల్లో చనిపోయాడని పోలీసులు ప్రకటించారు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ దాని మీద నివేదిక అడిగింది. ఆ గదిలో ఏం జరిగిందో తేల్చాల్సింది విచారణే. కానీ నిందితుడి మంచం పక్కన నిలబడే కానిస్టేబుల్ ఆయుధం ఎవరు లాగినా రాకుండా ఉండాలన్నది విచారణ అక్కర్లేని విషయం. లాక్ బలంగా ఉంటే లాక్కోవడమూ ఉండదు, లాక్కోబోయాడన్న మాటా ఉండదు. ఆ లాక్ పోలీసును కాపాడుతుంది, నిందితుడినీ కాపాడుతుంది.

మఫ్టీలో ఉన్నవాళ్ల అవసరం వేరు. ఉమేశ్‌చంద్ర, వ్యాస్ లాంటి వాళ్ల మీద దాడులు జరిగింది కూంబింగ్ లేని మామూలు వేళల్లోనే అన్నది గుర్తుపెట్టుకుంటే ఈ సంగతే అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. మఫ్టీలో చొక్కా కింద పెద్ద లైటు బిగించిన పిస్టల్ మోయడం కష్టం. సుమారు 110 గ్రాముల పెద్ద లైటు ఉంటుంది, 70 గ్రాముల చిన్న లైటూ ఉంటుంది. చిన్నది తీసుకోండి, లేదంటే మఫ్టీ పిస్టల్‌కు లైటే వద్దనుకోండి. లైటు ఆశకు పోయి పిస్టల్ ఇంట్లో వదిలి వెళ్లే స్థితి తెచ్చుకోవద్దు. పట్టపగలు ఎస్సార్ నగర్ చౌరస్తాలో కావాల్సింది లైటు కాదు, నడుముకు పిస్టల్.

బెల్టు గురించి ఎవరూ మాట్లాడరు, కానీ సగం కథ దాంట్లోనే ఉంది. పిస్టల్, లైటు, రౌండ్లు కలిపితే కిలో బరువు ఒకే పక్కన వేలాడుతుంది. పెళ్లికి పెట్టుకునే మెత్తటి బెల్టు ఆ బరువుకు వంగి, పిస్టల్ బయటికి వాలి, నడుము నొప్పి మొదలవుతుంది. నడుము నొప్పి వచ్చిన మర్నాడు పిస్టల్ ఇంట్లోనే. రెండు పొరలు కుట్టిన గట్టి బెల్టు, దానికి సరిపోయే వెడల్పు కొక్కెం ఉంటే అదే బరువు ఒంటికి అంటిపెట్టుకుని ఉంటుంది.

ఇంకో రెండు చిన్న సంగతులు. హోల్‌స్టర్‌లో పెట్టినప్పుడు లైటు స్విచ్ నొక్కుకుపోతోందేమో చీకటి గదిలో చూసుకోవాలి. నొక్కుకుపోతే లోపలే వెలిగి బ్యాటరీ అయిపోతుంది, కావాల్సిన రాత్రి వెలగదు. ప్లాస్టిక్ హోల్‌స్టర్‌ను మే నెల ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదలొద్దు. వేడికి ఆకారం సడలితే పట్టు పోతుంది.

లైసెన్సు ఉన్న మామూలు జనానికి కూడా ఇందులో పాలు ఉంది. 9 ఎంఎం వాళ్లకు నిషేధిత బోరు, ఎక్కువగా దొరికేది పాయింట్ 32 రివాల్వరో పిస్టలో. దేశంలో తయారయ్యే నిర్భీక్, అశని వంటివి ఆ బోరువే. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకి తీసుకుపోతే అది హోల్‌స్టర్‌లోనో అలాంటి సంచిలోనో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మోసే మనిషి అదుపులో ఉండాలి. పెళ్లి బరాత్‌లో గాలిలో తిప్పడానికి, ప్యాంటు వెనక దోపుకుని తిరగడానికి చట్టంలో చోటు లేదు. ప్యాంటులో దోపిన తుపాకికి ట్రిగ్గర్ మీద కప్పు లేదు, లాక్ లేదు, నిలిచే చోటు లేదు. నాకు తెలిసినంతలో ఆయుధాన్ని మోసే పద్ధతుల్లో దానికన్నా ప్రమాదమైనది లేదు.

చొప్పదండి ఠాణా ఇప్పుడు కరీంనగర్ కమిషనరేట్ పరిధిలో ఉంది. ఇసుక బస్తాలు పోయాయి. కల్వర్టుల మీద భయం పోయింది. కానీ రాత్రి గస్తీ ఉంది, బస్సు తనిఖీ ఉంది, కోర్టుకూ ఆసుపత్రికీ నిందితులను తీసుకుపోయే ఎస్కార్ట్ ఉంది. ఆ పనులకు పోయే ఎస్సైలు, కానిస్టేబుళ్లు చాలామంది పాతికేళ్ల పిల్లలు. రామడుగు, గంగాధర, మల్యాల, కొడిమ్యాల వంటి మండలాల్లో రాత్రింబవళ్లు చదివి ఉద్యోగం తెచ్చుకున్న రైతుబిడ్డలు.

పోలీసు శాఖ పెద్దలకు నా మనవి ఇది. పిస్టల్ ఒక ఏడాది, లైటు ఇంకో ఏడాది, హోల్‌స్టర్ ఎవరో ఎక్కడో తక్కువ ధరకు దొరికిందని మరో ఏడాది కొనవద్దు. ఏ పిస్టల్‌కు ఏ లైటో, ఆ రెంటికీ కలిపి ఏ హోల్‌స్టరో ఒకే ఆర్డరులో కొనండి. ఇచ్చేముందు మోసే మనిషిని పిలిచి జీపులో కూర్చోబెట్టండి, బస్సు మెట్లెక్కించండి, బైకు నడిపించండి. ఖాళీ పిస్టల్‌తో తీయడం, పెట్టడం ప్రతి నెలా సాధన చేయించండి. సొంత డబ్బుతో కొనుక్కునే తమ్ముళ్లకు ఒక్క మాట. దుకాణంలో పిస్టల్ పేరు ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు, లైటు మోడల్ కూడా చెప్పండి. అన్నిటికీ సరిపోతుందని అమ్మే గుడ్డ హోల్‌స్టర్‌ను లైటు బిగించిన పిస్టల్‌కు కొనవద్దు.